ఏఐ ప్రాజెక్టుల్లో మనుషుల మాట వినే ఉద్యోగం: కోడింగ్ రానివాళ్లకూ దారి ఉంది

డిగ్రీ ఆఖరి పరీక్షలు అయిపోగానే మన ఇళ్లలో మొదలయ్యే చర్చ అందరికీ తెలిసిందే. అబ్బా ఒకటంటారు, అమ్మీ ఇంకొకటంటారు, గల్ఫ్‌లో ఉన్న మామూ ఫోన్ చేసి మూడోది చెబుతారు. ఈ మధ్య ఆ చర్చలోకి ఏఐ అనే మాట కూడా వచ్చి చేరింది. "ఏఐ వచ్చేసిందట, ఇక ఆఫీసు ఉద్యోగాలు ఉండవట" అని ఒకరంటే, "ఏఐ నేర్చుకుంటేనే ఉద్యోగమట" అని మరొకరు. బీటెక్ చదవని పిల్లలు, ముఖ్యంగా బీకాం, బీఏ, బీఎస్సీ చేసినవాళ్లు, ఈ రెండు మాటలూ విని "ఇది మన వల్ల అయ్యే పని కాదులే" అని పక్కకు తప్పుకుంటున్నారు.

అంత తొందరగా తప్పుకోనవసరం లేదు. ఏఐ రంగంలో కోడ్ రాసేవాళ్లతో పాటు ఇంకో రకం మనుషులు కూడా కావాలి. ఈ యంత్రం ఎవరి కోసం, ఎవరి జీవితం మీద పనిచేస్తుంది, తప్పు చేస్తే ఎవరికి నష్టం, ఆ తప్పును ఎవరు దిద్దుతారు అని మొదటి రోజు నుంచీ అడిగేవాళ్లు. ఆ పనికి ఉన్న పేరే ఏఐ ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్. ఆ పని ఎలా ఉంటుంది, ఎవరికి సరిపోతుంది, ఎక్కడ మొదలుపెట్టాలి, ఎక్కడ మోసపోకుండా ఉండాలి అన్నది ఈ వ్యాసంలో చూద్దాం.

ఒక రేషన్ కార్డు చెప్పిన పాఠం

ముందుగా మన దగ్గరే జరిగిన ఒక విషయం. తెలంగాణ ప్రభుత్వం 'సమగ్ర వేదిక' అనే కంప్యూటర్ వ్యవస్థను వాడింది. వేర్వేరు శాఖల దగ్గరున్న వివరాలను, అంటే వాహనాల రిజిస్ట్రేషన్, ఆస్తులు, కరెంటు కనెక్షన్లు వంటివాటిని కలిపి, ఒక్కో కుటుంబానికి సంక్షేమ పథకాలకు అర్హత ఉందా లేదా అని చూడటం దాని పని. ఉద్దేశం మంచిదే. అర్హత లేనివాళ్లు రేషన్ తీసుకోకూడదు కదా.

చిక్కు ఎక్కడొచ్చిందంటే, ఒక శాఖ రికార్డులో ఉన్న మనిషి, ఇంకో శాఖ రికార్డులో ఉన్న మనిషి ఒక్కరేనా అని యంత్రం పేర్లు, చిరునామాలు పోల్చి తేల్చాలి. 2024లో అల్ జజీరా ప్రచురించిన ఒక పరిశోధన కథనంలో హైదరాబాద్‌లోని ఒక పేద వితంతువు గురించి రాశారు. ఆమె భర్త రిక్షా తొక్కేవాడు. రికార్డులో మాత్రం ఆయనకు కారు ఉన్నట్టు వచ్చింది. ఆ కారు దాదాపు అలాంటి పేరే ఉన్న మరో వ్యక్తిది. 'సయ్యద్', 'అలీ' అనే రెండు మాటలు ఉన్న మనుషులు హైదరాబాద్‌లో ఎంతమంది ఉంటారో మనకు వేరే చెప్పాలా? కారు ఉన్న కుటుంబం కింద లెక్కగట్టడంతో ఆ ఇంటికి సబ్సిడీ రేషన్ అందకుండా పోయింది.

తెలంగాణలో రద్దయిన రేషన్ కార్డుల వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. సుమారు 19 లక్షల కార్డులను క్షేత్రస్థాయిలో మళ్లీ తనిఖీ చేయాలని 2022 ఏప్రిల్‌లో కోర్టు ఆదేశించింది. ఆ కార్డులన్నీ తప్పుగా రద్దయ్యాయని దీని అర్థం కాదు. ఇంటికి వెళ్లి, మనిషిని చూసి, మాట్లాడి తేల్చాల్సిన పని మిగిలిపోయిందని అర్థం.

ఆ వ్యవస్థ తయారు చేసే గదిలో ఎవరైనా లేచి, "సార్, మా వీధిలోనే ముగ్గురు సయ్యద్ అలీలు ఉన్నారు. వాళ్లను ఇది ఎలా వేరు చేస్తుంది? తప్పయితే ఆ మనిషికి ముందుగా నోటీసు వెళ్తుందా? ఎవరి దగ్గరికి వెళ్లి చెప్పుకోవాలి?" అని అడిగి, జవాబు వచ్చేదాకా కూర్చోకపోతే ఎలా ఉండేది? ఆ ప్రశ్న అడగడానికి గణితంలో పీహెచ్‌డీ అక్కర్లేదు. మన పేర్లతో, మన వీధుల్లో బతికి ఉంటే చాలు. కానీ ఆ గదిలో కుర్చీ సంపాదించాలంటే, అడిగిన ప్రశ్నను పనిగా మార్చగలగాలంటే, కొంత చదువు, కొంత సాధన కావాలి.

మామూలు సాఫ్ట్‌వేర్‌కూ ఏఐకీ తేడా

ప్రాజెక్ట్ మేనేజర్ అంటే ఎవరు? ఇల్లు కట్టించేటప్పుడు మేస్త్రీ, ఎలక్ట్రీషియన్, ప్లంబర్, యజమాని నలుగురినీ ఒక దారిలో నడిపించే మనిషి ఉంటాడు కదా. ఎవరు ఎప్పుడు ఏం చేయాలి, డబ్బు ఎంత, గడువు ఎప్పుడు, ఆలస్యమైతే ఏం చేయాలి అన్నది చూసుకుంటాడు. సాఫ్ట్‌వేర్‌లోనూ పని అదే.

ఏఐకి వచ్చేసరికి ఒక తేడా ఉంది. మామూలు సాఫ్ట్‌వేర్‌లో బటన్ నొక్కితే ఏం జరగాలో మనమే రాస్తాం. ప్రతిసారీ అదే జరుగుతుంది. ఏఐలో అలా నియమాలు రాయం. వేల, లక్షల ఉదాహరణలు చూపిస్తే యంత్రం వాటినుంచి ఒక అంచనా పద్ధతి నేర్చుకుంటుంది. అందుకే అది వందసార్లలో కొన్నిసార్లు తప్పు చెబుతుంది. ఎంత బాగా చేసినా కొంత తప్పు మిగులుతూనే ఉంటుంది.

ఇక్కడే లెక్క ముఖ్యం. ఎవరైనా వచ్చి "మా ఏఐ 95 శాతం కరెక్ట్" అంటే వినడానికి బాగుంటుంది. అదే వ్యవస్థను 1,00,000 కుటుంబాల మీద పెడితే 5,000 కుటుంబాల విషయంలో తప్పు జరుగుతుంది. ఇంటికి నలుగురు చొప్పున 20,000 మంది. సినిమా సిఫారసు చేసే యాప్‌లో ఈ తప్పు జరిగితే పోయేదేమీ లేదు. రేషన్‌లోనో, ఆసుపత్రిలోనో, బ్యాంకు రుణంలోనో జరిగితే ఊరుకోలేం.

పైగా తప్పుల్లో కూడా రెండు రకాలున్నాయి. అర్హత లేనివాడికి కార్డు ఉండిపోవడం ఒక తప్పు. అర్హత ఉన్నవాడి కార్డు పోవడం ఇంకో తప్పు. మొదటిదానిలో ప్రభుత్వానికి కొన్ని కిలోల బియ్యం నష్టం. రెండోదానిలో ఒక ఇంట్లో పొయ్యి వెలగదు. ఒకటి తగ్గించబోతే చాలాసార్లు రెండోది పెరుగుతుంది. ఏది ఎంతవరకు భరించవచ్చో యంత్రం చెప్పలేదు, మనుషులే తేల్చాలి. సంబంధం ఉన్నవాళ్లందరినీ కూర్చోబెట్టి ఆ నిర్ణయం చేయించి, కాగితం మీద రాయించడం ఏఐ ప్రాజెక్ట్ మేనేజర్ పని.

పని ఎలా నడుస్తుంది: ఒక ఆసుపత్రి ఉదాహరణ

ఏఐ, డేటా ప్రాజెక్టులకు బాగా వాడుకలో ఉన్న పద్ధతి ఒకటుంది. దాని పేరు క్రిస్ప్-డీఎం. 1990ల చివర్లో రూపొందింది. అవసరం తెలుసుకోవడం, డేటా తెలుసుకోవడం, డేటా సిద్ధం చేయడం, మోడల్ తయారు చేయడం, పరీక్షించడం, వాడకంలోకి తేవడం, ఇవీ అందులోని ఆరు మెట్లు. ఒక ఊహించిన ఉదాహరణతో ఈ మెట్లెక్కుదాం. హైదరాబాద్ పాతబస్తీ వైపు ఒక ఆసుపత్రి, ఫోన్లో అపాయింట్‌మెంట్లు తీసుకునే ఏఐ గొంతు కావాలని అడిగిందనుకోండి. తెలుగు, ఉర్దూ రెండూ రావాలి.

అవసరం తెలుసుకోవడం. యాజమాన్యం "రిసెప్షన్ ఖర్చు తగ్గాలి" అంటుంది. ప్రాజెక్ట్ మేనేజర్ రెండు రోజులు రిసెప్షన్ దగ్గర కూర్చుంటాడు లేదా కూర్చుంటుంది. అప్పుడు తెలుస్తుంది, వచ్చే ఫోన్లలో చాలావరకు అపాయింట్‌మెంట్ కోసం కావని. "రిపోర్టు వచ్చిందా?", "డాక్టరమ్మ ఈరోజు ఉన్నారా?" అని అడిగేవే ఎక్కువని. అడిగిన వస్తువు ఒకటి, అవసరమైనది మరొకటి. ఈ తేడా మొదటి వారంలో పట్టుకుంటే డబ్బు మిగులుతుంది. ఆరో నెలలో బయటపడితే ప్రాజెక్టే మూలన పడుతుంది.

డేటా తెలుసుకోవడం. యంత్రానికి నేర్పడానికి ఎవరి మాటలు రికార్డు చేశారు? స్టూడియోలో కూర్చుని చదివిన లక్నో ఉర్దూ అయితే మన దగ్గర పనిచేయదు. ఇక్కడ "పేట్ దుఖ్‌రా" అంటారు. 'నై' అనాల్సిన చోట 'నక్కో' అంటారు. ఇంకో తమాషా చూడండి. ఉర్దూలో 'కల్' అంటే నిన్న కావచ్చు, రేపు కావచ్చు. హైదరాబాదీ నోట 'పర్సోం' అంటే మొన్న కావచ్చు, పోయిన నెల కావచ్చు, నాలుగేళ్ల కిందట కూడా కావచ్చు! "పర్సోంసే బుఖార్ హై" అని ఒక నానీ ఫోన్లో చెబితే యంత్రం 'రెండు రోజులుగా జ్వరం' అని రాసుకుంటుంది. ఆ జ్వరం పది రోజులుగా ఉంటే? మన ఇళ్లలో పెరిగిన పిల్లకు ఇది వెంటనే తడుతుంది. బయటినుంచి వచ్చిన ఇంజనీరుకు తట్టకపోవచ్చు.

డేటా సిద్ధం చేయడం. రికార్డు చేసిన మాటలను విని, రాసి, గుర్తులు పెట్టేవాళ్లుంటారు. దీన్ని డేటా లేబులింగ్ అంటారు. రోజంతా హెడ్‌ఫోన్లు పెట్టుకుని చేసే పని ఇది. వాళ్లకు సూచనలు స్పష్టంగా ఇవ్వకపోతే ఒకరు ఒకలా, మరొకరు ఇంకోలా రాస్తారు, యంత్రం రెండూ నేర్చుకుని తికమకపడుతుంది. వాళ్లకు సరైన సమయానికి డబ్బు అందుతుందా, అనుమానం వస్తే అడిగే మనిషి ఉన్నారా అన్నది కూడా ప్రాజెక్ట్ మేనేజరే చూడాలి. రోగుల మాటలు రికార్డు చేయడానికి వాళ్ల అనుమతి తీసుకున్నారా అన్నది ఇంకో ప్రశ్న. మన దేశంలో 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. ఇది మర్యాదకు సంబంధించిన విషయం మాత్రమే కాదు, చట్టానికి సంబంధించినది కూడా.

డేటాలో ఉన్న పాత అలవాట్లు యంత్రానికి ఎలా అంటుకుంటాయో చెప్పే ఉదంతం ఒకటి ప్రపంచమంతా తెలిసింది. ఉద్యోగ దరఖాస్తులకు మార్కులేసే ఒక వ్యవస్థను అమెజాన్ ప్రయోగాత్మకంగా తయారు చేసి, తర్వాత వదిలేసిందని 2018లో రాయిటర్స్ వార్తాసంస్థ రాసింది. పాత దరఖాస్తుల్లో ఎక్కువ శాతం మగవాళ్లవి. అది చూసి నేర్చుకున్న యంత్రం, మహిళల క్లబ్, మహిళల కాలేజీ వంటి మాటలున్న దరఖాస్తులకు మార్కులు తగ్గించింది. ఆడపిల్లలపై వివక్ష చూపమని దానికి ఎవరూ చెప్పలేదు. పాత కాగితాలే చెప్పాయి.

మోడల్ తయారు చేయడం. ఇది ఇంజనీర్ల పని. ఇక్కడ ప్రాజెక్ట్ మేనేజర్ వాళ్లకు అడ్డం పడకూడదు, వాళ్ల మాట యాజమాన్యానికి, యాజమాన్యం మాట వాళ్లకు అర్థమయ్యేలా చేర్చాలి. "ఇంకో మూడు వారాలు పట్టవచ్చు, పట్టకపోవచ్చు" అని ఇంజనీరు అంటే అది బద్ధకం కాదు. ఏఐ పని స్వభావమే అంత. దాన్ని డబ్బు పెట్టినవాడికి ఓపికగా వివరించాలి.

పరీక్షించడం. మొత్తం మీద ఎంత శాతం కరెక్ట్ అని చూసి ఊరుకోకూడదు. ముసలివాళ్ల గొంతుకు ఎంత? తెలుగులో మాట్లాడేవాళ్లకు ఎంత, ఉర్దూలో మాట్లాడేవాళ్లకు ఎంత? ఆటోలోంచి, బజారు మధ్యలోంచి ఫోన్ చేస్తే ఎంత? ఇలా విడివిడిగా అడగాలి. సగటు లెక్క బాగున్నప్పుడే దాని కింద ఎవరో నలుగురు నలిగిపోతుంటారు.

వాడకంలోకి తేవడం. మొదట ఒక్క విభాగంలోనే పెట్టి చూడాలి. యంత్రానికి అర్థం కాకపోతే రెండో ప్రయత్నంలోనే ఫోన్ మనిషికి వెళ్లాలి. ఫిర్యాదు ఎక్కడ చేయాలో చెప్పాలి. రిసెప్షన్‌లో ఇన్నాళ్లు పనిచేసిన అమ్మాయిలకు ముందుగానే నిజం చెప్పాలి. వాళ్ల ఉద్యోగం ఏమవుతుందో వాళ్లకు తెలియాలి. వాళ్లను కలుపుకొని పోతే, యంత్రం ఎక్కడ తప్పు చేస్తోందో అందరికన్నా ముందు చెప్పేది వాళ్లే. దాచిపెట్టి చేస్తే ఆ సహాయం ఎప్పటికీ రాదు.

ఈ ఆరు మెట్లలో కోడ్ రాయడం ఒక్కటే పని కాదని గమనించారా? వాటిలో వినడం, అడగడం, రాయడం, ఒప్పించడం, ఒక్కోసారి "ఇది ఇప్పుడే వదలకూడదు" అని చెప్పడం ఉన్నాయి.

ఎవరికి సరిపోతుంది?

బీటెక్ వాళ్లకు దారి కొంచెం సులువు, అది నిజం. కానీ ఆ ఒక్క అర్హతే ఉండాలని లేదు. కాల్ సెంటర్‌లో టీమ్ లీడర్‌గా చేసినవాళ్లకు మనుషులతో పని చేయించడం, లెక్కలు రోజూ చూడటం అలవాటు. బీకాం చదివి అకౌంట్స్‌లో ఉన్నవాళ్లకు బడ్జెట్ భాష తెలుసు. స్కూల్లో పాఠాలు చెప్పిన టీచరమ్మకు కష్టమైన విషయాన్ని ఓపికగా వివరించడం వచ్చు. ఆసుపత్రి ఫ్రంట్ ఆఫీసులో చేసినవాళ్లకు రోగి భయం తెలుసు. గల్ఫ్‌లో సైట్ సూపర్‌వైజర్‌గా పది దేశాల మనుషులతో గడువులోపు పని పూర్తి చేయించి వచ్చిన అన్నకు ప్రాజెక్ట్ అంటే ఏమిటో ఎవరూ చెప్పనవసరం లేదు.

పెళ్లి, పిల్లల వల్ల నాలుగైదేళ్లు ఉద్యోగం మానేసిన ఆడవాళ్లు కూడా దీన్ని ఆలోచించవచ్చు. కొన్ని కంపెనీల్లో ఈ పని ఇంటినుంచి కూడా నడుస్తుంది. అన్ని చోట్లా అలా ఉండదు కాబట్టి ఇంటర్వ్యూలోనే అడిగి తెలుసుకోవడం మంచిది.

ఇక మనకున్న ఇంకో బలం భాష. తెలుగు, ఉర్దూ, హిందీ, అంతో ఇంతో ఇంగ్లీషు వచ్చిన పిల్లలు మన ఇళ్లలో మామూలు. కేంద్ర ప్రభుత్వం 2022లో 'భాషిణి' కార్యక్రమాన్ని ప్రారంభించింది, భారతీయ భాషల్లో మాట్లాడే, అనువదించే సాంకేతికత కోసం. ఐఐటీ మద్రాసులోని 'ఏఐ4భారత్', హైదరాబాద్‌లోని ట్రిపుల్ ఐటీ భాషా పరిశోధన కేంద్రం ఇదే దిశలో పనిచేస్తున్నాయి. ఇలాంటి పనికి రెండు మూడు భాషలు ఇంట్లో విని పెరిగిన చెవి కావాలి. దాన్ని బయోడేటాలో ఆఖరి లైన్‌లో 'తెలిసిన భాషలు' అని రాసి వదిలేయకండి.

ఎక్కడ మొదలుపెట్టాలి?

మొదటి ఉద్యోగంలోనే 'ఏఐ ప్రాజెక్ట్ మేనేజర్' అని ఎవరూ తీసుకోరు. ముందు ప్రాజెక్ట్ కోఆర్డినేటర్, డేటా లేబులింగ్ టీమ్‌లో క్వాలిటీ చూసే పని, టెస్టింగ్, బిజినెస్ అనలిస్ట్‌కు సహాయకుడు, ఇలాంటివి వెతకాలి. అక్కడ రెండు మూడేళ్లు నిలబడితే తర్వాతి మెట్టు దొరుకుతుంది.

మొదటి మూడు నెలలు ఏఐ అంటే ఏమిటో అర్థం చేసుకోవడానికి పెట్టండి. ఫిన్లాండ్‌లోని హెల్సింకి విశ్వవిద్యాలయం భాగస్వామిగా తయారు చేసిన 'ఎలిమెంట్స్ ఆఫ్ ఏఐ' అనే ఆన్‌లైన్ కోర్సు ఉచితం. కోడింగ్ రానివాళ్ల కోసమే మొదలైంది. మన దేశంలో స్వయం, ఎన్‌పీటీఈఎల్ వేదికల్లో ఐఐటీ అధ్యాపకుల పాఠాలు ఉచితంగా వినవచ్చు. సర్టిఫికెట్ పరీక్ష రాయాలంటేనే ఫీజు ఉంటుంది. వీటితో పాటు ఎక్సెల్ గట్టిగా నేర్చుకోండి. శాతాలు, సగటు, పట్టికలు తడబడకుండా చదవగలగాలి.

తర్వాత ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్. కోర్సెరాలో గూగుల్ వాళ్ల ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ సర్టిఫికెట్ ఉంది, కొత్తవాళ్ల కోసం తయారుచేసింది. ఈ రంగంలో పేరున్న సంస్థ అమెరికాలోని ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ ఇన్‌స్టిట్యూట్, అంటే పీఎంఐ. 1969లో ఏర్పడింది. వాళ్ల 'సీఏపీఎం' పరీక్ష ఇంటర్ స్థాయి చదువు, 23 గంటల శిక్షణ ఉన్నవాళ్లు రాయవచ్చు. అందరికీ తెలిసిన 'పీఎంపీ'కి డిగ్రీ ఉన్నవాళ్లకైనా మూడేళ్లు ప్రాజెక్టులు నడిపిన అనుభవం, 35 గంటల శిక్షణ కావాలి. అంటే డిగ్రీ అయిన వెంటనే "పీఎంపీ చేయిస్తాం" అని ఎవరైనా డబ్బు అడిగితే అక్కడే ఆగి ఆలోచించాలి. ఏఐ ప్రాజెక్టుల కోసం ప్రత్యేకంగా 'సీపీఎంఏఐ' అనే సర్టిఫికెట్ కూడా పీఎంఐ దగ్గర ఉంది. అందులో మనం పైన చూసిన ఆరు మెట్ల లాంటి పద్ధతే ఉంటుంది. నిబంధనలు, ఫీజులు అప్పుడప్పుడు మారుతుంటాయి కాబట్టి కట్టేముందు ఆ సంస్థ సొంత వెబ్‌సైట్‌లోనే చూసుకోండి.

సర్టిఫికెట్ కన్నా బలమైనది చేసి చూపించిన పని. దానికి కంపెనీ అక్కర్లేదు. మీ కాలనీ స్కూల్లో, క్లినిక్‌లో, మామూ దుకాణంలో ఒక చిన్న సమస్య తీసుకోండి. పదిమందితో మాట్లాడండి. ఏఐ నిజంగా అవసరమా, మామూలు రిజిస్టరు సరిపోతుందా అని తేల్చండి. "ఇక్కడ ఏఐ అక్కర్లేదు" అన్న జవాబు వచ్చినా అది మంచి పనే. తెలుసుకున్నదంతా రెండు పేజీల్లో రాయండి: సమస్య ఏమిటి, ఎవరికి, ఎంత ఖర్చు, తప్పు జరిగితే ఎవరికి నష్టం. ఇంటర్వ్యూలో ఆ రెండు పేజీలు మీ తరఫున మాట్లాడతాయి.

మోసాల దగ్గర జాగ్రత్త

ఏఐ పేరు చెప్పి డబ్బు లాగేవాళ్లు ఇప్పుడు తక్కువేం లేరు. నూటికి నూరు శాతం ఉద్యోగ గ్యారంటీ అన్నవాణ్ని నమ్మకండి. ఉద్యోగం ఇవ్వడానికి ముందు డిపాజిట్ అడిగే కంపెనీ కంపెనీ కాదు. నకిలీ అనుభవ సర్టిఫికెట్ ఇప్పిస్తామనేవాళ్ల జోలికి అసలు పోవద్దు. పెద్ద కంపెనీలు పాత ఉద్యోగాల వివరాలు ఆరా తీయిస్తాయి. దొరికితే ఉన్న ఉద్యోగం పోతుంది, పేరూ పోతుంది. మనుషుల నమ్మకం మీద నడిచే వృత్తిని అబద్ధంతో మొదలుపెట్టడం అంతకన్నా పెద్ద తప్పు.

ఏ ఇన్‌స్టిట్యూట్‌లో చేరేముందైనా మూడు అడగండి. పాఠం చెప్పేవారు నిజంగా ఏ ప్రాజెక్టులో పనిచేశారు? పోయిన బ్యాచ్‌లో ఉద్యోగం వచ్చినవాళ్లతో మాట్లాడవచ్చా? మధ్యలో మానేస్తే ఫీజు తిరిగిస్తారా? వీటికి సూటిగా జవాబు రాకపోతే అమ్మీ గాజులు బ్యాంకులో పెట్టేదాకా వెళ్లకండి.

కష్టాలూ తెలిసి ఉండాలి

ఈ ఉద్యోగంలో బాధ్యత పెద్దది, అధికారం చిన్నది. ఇంజనీర్లు మీ కింద పనిచేయరు, మీతో పనిచేస్తారు. ఆలస్యమైతే మాట పడేది మాత్రం మీరే. అమెరికా క్లయింట్ అయితే రాత్రిపూట కాల్స్ ఉంటాయి. "ఇది ఇంకా సిద్ధం కాలేదు" అని పెద్దవాళ్ల ముందు మర్యాదగా, గట్టిగా చెప్పాల్సిన రోజు వస్తుంది. ఆ రోజు మీ దగ్గర కోపం కాదు, లెక్కలు ఉండాలి.

ఏఐ ఈ ఉద్యోగాన్ని కూడా తినేస్తుందా అని అడిగేవాళ్లున్నారు. కొంత భాగాన్ని తప్పకుండా తీసుకుంటుంది. మీటింగ్ నోట్సు రాయడం, వారం వారం రిపోర్టు తయారు చేయడం ఇప్పటికే యంత్రం చేస్తోంది. అలాంటి పనులే చేస్తూ కూర్చున్నవాళ్లకు ముప్పే. రిసెప్షన్ దగ్గర రెండు రోజులు కూర్చుని వినడం, లేబులింగ్ చేసే అమ్మాయి ఎందుకు మౌనంగా ఉందో గమనించడం, తప్పుకు ఎవరు జవాబు చెప్పాలో తేల్చడం, ఇవి మనిషి చేతిలోనే ఉన్నాయి. యూరప్‌లో 2024లో అమల్లోకి వచ్చిన ఏఐ చట్టం, ఎక్కువ ప్రమాదం ఉన్న వ్యవస్థల మీద మనిషి పర్యవేక్షణ ఉండాలని చెబుతోంది. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ కూడా 2023లో ఏఐ ప్రమాదాలను ముందుగా గుర్తించి, కొలిచి, అదుపులో పెట్టే మార్గదర్శకాలు విడుదల చేసింది. వీటిని ఆచరణలో పెట్టాలంటే మనుషులు కావాలి.

ఈ రాత్రే చేయదగిన పని

తల్లిదండ్రులకు ఒక మాట. అబ్బాయికైనా అమ్మాయికైనా "కోడింగ్ వస్తుందా?" అన్న ఒక్క ప్రశ్నతో తూకం వేయకండి. నలుగురి మధ్య గొడవ సర్దగలడా? ఎదుటివాళ్లు చెప్పేది పూర్తిగా వింటుందా? ఇచ్చిన మాట ప్రకారం పని పూర్తి చేస్తారా? ఇవి కూడా చూడండి.

పిల్లలకు ఇంకో మాట. ఈ రాత్రి ఇంట్లోవాళ్ల ఆధార్, రేషన్ కార్డు, ఓటరు కార్డు, పదో తరగతి మెమో, పాస్‌పోర్టు ఉంటే అదీ, బల్లమీద పెట్టండి. ఒక్కొక్కరి పేరు ఒక్కో కాగితంలో ఎలా ఉందో వరసగా రాయండి. ఒకచోట 'మహమ్మద్', ఒకచోట 'మొహమ్మద్', ఒకచోట పొట్టిగా 'ఎండీ'. ఒకచోట 'షేక్' ముందు, ఒకచోట వెనక. దాదీ పుట్టిన తేదీ మూడు రకాలుగా ఉండవచ్చు. ఆ పట్టిక చూసి, వీళ్లంతా ఒకే మనిషి అని యంత్రానికి ఎలా చెప్పాలి, వీధి చివరనున్న అదే పేరున్న ఇంకో మనిషి వేరు అని ఎలా చెప్పాలి అని ఒక పేజీ రాయండి.

ఆ పేజీ మీ మొదటి ఏఐ ప్రాజెక్ట్ పత్రం. దాంట్లో తప్పుగా ఉన్న పేర్లను సరిచేయించుకుంటే, రేపు ఏ యంత్రం తప్పు చేసినా మీ ఇంటి రేషన్ ఆగకుండా ఉండే అవకాశం కూడా కాస్త పెరుగుతుంది.